బ్యాకప్ ఉంది సరే, తిరిగొస్తుందా?

విండోస్ ఎన్‌టీ రోజుల నుంచి విండోస్ సర్వర్ 2003 దాకా మైక్రోసాఫ్ట్ సర్వర్లతో పాటే ఎన్‌టీబ్యాకప్ అనే ప్రోగ్రాం వచ్చేది. కమాండ్ లైన్‌లో ఒక్క వరుస రాసి, అర్ధరాత్రి దాటాక నడిచేలా షెడ్యూల్ పెట్టేస్తే చాలు, రోజూ దానంతటదే బ్యాకప్ తీసిపెట్టేది. మరి అదే కమాండ్ లైన్ నుంచి రీస్టోర్ చేయాలంటే? కుదరదు. ఆ ముక్క మైక్రోసాఫ్ట్ సహాయ పత్రాల్లోనే రాసి ఉండేది. రీస్టోర్ కావాలంటే మనిషి వచ్చి మానిటర్ ముందు కూర్చుని, మౌసు పట్టుకుని, ఒక్కో ఫోల్డర్‌కీ టిక్కు పెట్టుకుంటూ పోవాల్సిందే.

వెనక్కి తిరిగి డెబ్బై ఏళ్లు చూస్తే ఈ పక్షపాతం అడుగడుగునా కనిపిస్తుంది. కాపీ తీయడం మీద పెట్టిన తెలివిలో సగం కూడా ఆ కాపీ పనికొస్తుందో లేదో చూడటం మీద పెట్టలేదు. చూశామనుకున్నవాళ్లు కూడా చాలాసార్లు చూసింది ఒకటి, నమ్మింది ఇంకొకటి. టేపు మీద బిట్లు చెడకుండా ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న. ఆ ఫైళ్లతో రేపు పొద్దున ఆఫీసు నడుస్తుందా అన్నది దానికి చాలా దూరంలో ఉన్న ప్రశ్న. ఎప్పటికప్పుడు వచ్చిన ప్రతి పరీక్షా మొదటిదానికి జవాబు చెబితే, రెండోదానికి కూడా జవాబు దొరికిందనుకుని జనం ఇంటికెళ్లి పడుకున్నారు.

1952లో ఐబీఎం 701 కంప్యూటర్‌తో పాటు 726 అనే టేప్ డ్రైవ్ వచ్చింది. అర అంగుళం వెడల్పు టేపు మీద ఏడు వరుసలు. ఆరు డేటాకు, ఏడోది పారిటీకి. ఒక బిట్ తారుమారైతే ఏడో వరుస పట్టేస్తుంది. రెండు బిట్లు ఒకేసారి తారుమారైతే లెక్క మళ్లీ సరిపోయి, తప్పు చల్లగా జారుకుంటుంది. అప్పటికే బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్‌కు ఈ విషయంలో ఒళ్లు మండి ఉంది. శని ఆదివారాల్లో మనుషులెవరూ లేనప్పుడు ఆయన లెక్కలు యంత్రం మీద నడిచేవి. తప్పు కనిపించగానే యంత్రం ఆ పనిని వదిలేసి తర్వాతి పనికి వెళ్లిపోయేది. సోమవారం వస్తే చేతిలో ఏమీ ఉండేది కాదు. తప్పుందని తెలుసుకోగలిగిన యంత్రం ఆ తప్పెక్కడుందో తెలుసుకుని దిద్దుకోలేదా అన్న ఆయన ఆలోచన 1950లో పరిశోధన పత్రంగా వచ్చింది. 1961లో తప్పులు పట్టే సీఆర్‌సీ అనే లెక్క మీద పీటర్సన్, బ్రౌన్‌ల పత్రం వచ్చింది. జిప్ ఫైల్ లోపలా, నెట్‌వర్క్ కేబుల్ మీదా ఈనాటికీ నడుస్తున్నది ఆ లెక్కే.

ఆ కాలపు పద్ధతిలో ఒక మంచి గుణం ఉండేది. దాన్ని తర్వాత పోగొట్టుకున్నాం. జీతాల లెక్కో, బ్యాంకు లెక్కో నిన్నటి అసలు టేపుకు ఈరోజు లావాదేవీల టేపు కలిపి కొత్త అసలు టేపు తయారు చేసేవాళ్లు. పాత టేపులు తాత, తండ్రి, కొడుకు అని మూడు తరాలు అల్మారాలో ఉండేవి. కొడుకు చెడిపోతే తండ్రి టేపు ఎక్కించి, నిన్నటి పనే మళ్లీ నడిపేవాళ్లు. అంటే బ్యాకప్‌కు వేరే ప్రోగ్రాం, రీస్టోర్‌కు వేరే ప్రోగ్రాం లేవు. రోజూ చేసే పనే రీస్టోర్. రోజూ చేస్తున్నారు కాబట్టి అది పనిచేస్తుందో లేదో ఎవరూ ప్రత్యేకంగా పరీక్షించనక్కర్లేదు. ఆన్‌లైన్ డిస్కులు వచ్చి ఈ రెండు పనులనూ విడదీశాయి. మన కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

యూనిక్స్‌లో ఆ విడదీత స్పష్టంగా కనిపిస్తుంది. 1975 నాటి ఆరో ఎడిషన్‌లో డంప్, రెస్టార్ అనే జంట ఉండేది. డంప్ హాయిగా పనిచేసేది. రెస్టార్ మాత్రం అవసరమైనవాడి ఓపికను పరీక్షించేది. మొత్తం ఫైల్‌సిస్టమ్‌ను తిరిగి రాయమంటే, ఈ డిస్కు మీద గీకబోతున్నాను, ఇదే ఆఖరి అవకాశం అన్న అర్థం వచ్చే ఒక వాక్యం తెర మీద వేసి, ఎంటర్ కొట్టేదాకా ఎదురుచూసేది. అలాగని మాన్యువల్ కూడా ధైర్యం చెప్పదు. ఇది తేలిగ్గా తీసుకుని చేసే పని కాదని అందులోనూ రాసి ఉంటుంది. ఒక్క ఫైలే కావాలంటే ఇంకో తమాషా. టేపులోంచి అది ఫైల్‌ను తీసి, దాని సొంత పేరుతో కాకుండా ఐనోడ్ నంబరుతో పడేసేది. పోయిన ఉత్తరం కోసం వెళితే 217 అనే ఫైల్ చేతికొచ్చేది. ఏ నంబరు ఏ ఫైలో మనమే రాసిపెట్టుకుని పేర్లు మార్చుకోవాలి.

1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన రీస్టోర్‌లో మైనస్ ఐ అనే సదుపాయం చేరింది. దీన్ని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. కమాండ్ కొట్టగానే టేపు మొదట్లో ఉన్న డైరెక్టరీల పట్టిక చదివి, మనకొక చిన్న ప్రాంప్ట్ ఇస్తుంది. అందులో ఎల్‌ఎస్ కొట్టి చూసుకోవచ్చు, సీడీ కొట్టి తిరగొచ్చు. కావాల్సిన ఫైల్‌ను యాడ్ చేస్తే దాని పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ అనగానే ఏ వాల్యూమ్ ఎక్కించాలో నంబరు చెప్పమంటుంది. మీ ఫైల్ ఏ టేపులో ఉందో తెలియకపోతే ఆఖరి టేపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి అని సలహా కూడా ఇస్తుంది. చివరికి, ఈ డైరెక్టరీ హక్కులు కూడా మార్చమంటారా అని అడుగుతుంది. అలవాటు లేనివాళ్లు ఈ ప్రశ్నకు అవునని చెప్పి, స్లాష్ టెంప్ హక్కులన్నీ మార్చేసుకుని, ఇంకో గంట కొత్త తలనొప్పితో గడిపేవాళ్లు. అయినా నా దృష్టిలో రీస్టోర్ చేసేవాడు కూడా మనిషేనని గుర్తించిన మొదటి పనిముట్లలో ఇదొకటి.

1979లో ఏడో ఎడిషన్‌తో వచ్చిన టార్ కథ వేరు. టార్‌లో ప్రతి ఫైల్‌కూ ముందు 512 బైట్ల హెడర్ ఉంటుంది. అందులో పేరు, సైజు, తేదీ, హక్కులు, ఒక చెక్‌సమ్. ఆ చెక్‌సమ్ ఎవరిదనుకుంటున్నారు? హెడర్‌ది మాత్రమే. వెనకాల ఉన్న అసలు సరుకు చెడినా, తారుమారైనా టార్‌కు పట్టదు. ఈ సంగతి తెలియక, టార్ మైనస్ టి కొట్టి పేర్ల జాబితా గబగబా తెర మీద పరుగెత్తుతుంటే బ్యాకప్ సరిచూశామని తృప్తిపడినవాళ్లకు లెక్కలేదు. పుస్తకం విషయసూచిక చదివి పేజీలన్నీ ఉన్నాయనుకోవడం లాంటిదిది. తర్వాత గ్నూ టార్‌లో మైనస్ డి వచ్చింది. అది ఆర్కైవ్‌ను డిస్కు మీది ఫైళ్లతో పోల్చి తేడాలు చెబుతుంది. జీజిప్‌తో కుదించిన టార్‌కు సీఆర్‌సీ కూడా తోడైంది కాబట్టి జీజిప్ మైనస్ టి కొడితే సరుకు చెడిందో లేదో తెలుస్తుంది. కానీ కుదించిన ఫైల్ మధ్యలో ఒకచోట చెడిందంటే ఆ తర్వాతి భాగం దాదాపు పోయినట్టే.

టేపుల కాలంలో ఇంకో గుంట ఉండేది. టేప్ డ్రైవ్‌కు రెండు పేర్లు. పని అయ్యాక టేపును మొదటికి తిప్పేది ఒకటి, తిప్పకుండా అక్కడే ఆపేది ఇంకొకటి. రెండో దాని పేరు ముందు ఎన్ అనే అక్షరం అదనంగా ఉంటుంది, అంతే తేడా. స్క్రిప్ట్‌లో ఆ ఎన్ మరిచిపోయారనుకోండి. మొదటి టార్ రాసి టేపు వెనక్కి తిరుగుతుంది. రెండో టార్ దాని నెత్తిన రాస్తుంది. రెండు కమాండ్లూ విజయవంతంగా ముగిశాయనే లాగ్ చెబుతుంది. అబద్ధం కూడా కాదు, రెండూ విజయవంతంగానే ముగిశాయి. మిగిలింది మాత్రం ఒక్కటే.

మన ఊళ్ల ఆఫీసుల్లో చాలామందికి బ్యాకప్ అంటే తెలిసింది డాస్ ద్వారానే. 1983లో డాస్ 2.0తో బ్యాకప్, రీస్టోర్ కమాండ్లు వచ్చాయి. ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో హార్డ్ డిస్కు 10 మెగాబైట్లు. ఫ్లాపీ 360 కిలోబైట్లు. నిండిన డిస్కుకు బ్యాకప్ అంటే 30కి దగ్గరగా ఫ్లాపీలు, నంబర్లు వేసి, వరుస తప్పకుండా. మధ్యలో ఒకటి చెడితే కథ అక్కడ ఆగేది. మన కోస్తా ఉక్కపోతకు ఫ్లాపీలకు బూజు పట్టడం మామూలే. వెరిఫై ఆన్ అనే కమాండ్ పెడితే భద్రమని నమ్మకం. నిజానికి అది చూసేది రాసిన సెక్టార్ చదవడానికి వస్తుందా అని మాత్రమే. రాసింది అసలుతో సరిపోలిందా అని కాదు. పోల్చడానికి కాంప్, ఎఫ్‌సీ అని వేరే కమాండ్లు ఉండేవి. కానీ 1987లో 3.3 వచ్చాక బ్యాకప్ అంతా ఒకే పెద్ద ఫైల్‌గా, పక్కన ఒక కంట్రోల్ ఫైల్‌గా మారింది. ఇక వాటితో పోల్చడం అయ్యే పని కాదు. ఆ ఫైల్‌ను విప్పగలిగేది రీస్టోర్ ఒక్కటే. అది కూడా వేరే వెర్షన్ డాస్‌లో తీసిందైతే మొండికేసేది.

ఇలా ఎవరి నమ్మకం వాళ్లదిగా నడుస్తుండగా 1991లో ఎలిజబెత్ జ్విక్కీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల లీసా సమావేశంలో ఒక పత్రం చదివారు. ఆమె చేసింది చాలా సాదా పని. చిక్కైన ఫైళ్లన్నీ ఒకచోట పోగేశారు. పేర్లు మరీ పొడుగైనవి, పేర్లలో వింత అక్షరాలున్నవి, మధ్యలో ఖాళీలున్నవి, బ్యాకప్ నడుస్తుండగానే పెరిగేవి, మాయమయ్యేవి. టార్, సీపీఐఓ, డంప్ లాంటివాటితో వాటిని బ్యాకప్ తీసి, మళ్లీ రీస్టోర్ చేసి, ఏం తిరిగొచ్చిందో చూశారు. చాలా ప్రోగ్రాంలు ఎక్కడో ఒకచోట బోర్లాపడ్డాయి. అన్నింటిలోకీ డంప్ మెరుగ్గా నిలబడింది. పదేళ్లు తిరిగేసరికి, 2001లో, లినక్స్ కొత్త కెర్నల్‌లో నడుస్తున్న ఫైల్‌సిస్టమ్ మీద డంప్‌ను నమ్మొద్దని స్వయంగా లినస్ టోర్వాల్డ్స్ చెప్పారు. డంప్ డిస్కును నేరుగా చదువుతుంది, తాజా డేటా మాత్రం ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. నిన్న పరీక్ష నెగ్గిన పనిముట్టు కింద నేల మారిపోయింది. జ్విక్కీ పత్రంలో నాకు నచ్చేది ఫలితాల కంటే ఆ పద్ధతి. తీశారు, తిరిగి పెట్టారు, పోల్చారు. అంతవరకూ పండితులు కూడా మాన్యువల్ చదివి వాదించుకున్నారు.

చెక్‌సమ్‌ల దారి వేరుగా సాగింది. యూనిక్స్‌లో సమ్ అనే కమాండ్ ఉండేది గానీ, బీఎస్‌డీ సమ్ ఒక అంకె చెబితే సిస్టమ్ ఫైవ్ సమ్ ఇంకో అంకె చెప్పేది. ఆ తగువు తీర్చడానికి 1992లో పాసిక్స్ ప్రమాణం సీకేసమ్‌ను తెచ్చింది. అదే ఏడాది రొనాల్డ్ రివెస్ట్ ఎండీ5 వచ్చింది. 2004లో షియావోయున్ వాంగ్ బృందం ఒకే ఎండీ5 విలువ వచ్చే రెండు వేర్వేరు డేటాలను చూపించి దాని పరువు తీసింది. అయినా బిట్లు వాటంతటవి చెడ్డాయేమో చూసుకోవడానికి అది ఇప్పటికీ అక్కరకొస్తుంది. కావాలని మార్చేవాడి దగ్గరే అది చెల్లదు. 1996లో కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ ఆర్‌సింక్‌ను విడుదల చేశారు. ఎక్కడ చూసినా అదే అయింది. అది మామూలుగా పోల్చేది సైజునూ తేదీనీ. లోపలి సరుకు పోల్చాలంటే మైనస్ సి అని విడిగా అడగాలి. సైజు మారకుండా, తేదీ మారకుండా చెడిన ఫైల్ దాని కంట పడదు. ఇక డిలీట్ అనే మాట కూడా జతచేస్తే, అక్కడ పొరపాటున చెరిపింది ఇక్కడ కూడా శ్రద్ధగా చెరిపేస్తుంది.

అసలు బిట్లు వాటంతటవి చెడటం జరుగుతుందా అనే అనుమానం 2007లో తీరింది. జెనీవా దగ్గరి సెర్న్‌లో 3000కు పైగా కంప్యూటర్ల మీద సుమారు 2 గిగాబైట్ల ఫైళ్లు రాసి, తిరిగి చదివి పోల్చే ప్రోగ్రాం కొన్ని వారాలు నడిపారు. ఎవరూ ఫిర్యాదు చేయని, ఏ లాగ్‌లోనూ పడని తప్పులు వందల్లో బయటపడ్డాయి. అప్పటికే సన్ కంపెనీలో జెఫ్ బాన్విక్, మాథ్యూ అహ్రెన్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ 2005లో బయటికి వచ్చింది. ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ పెట్టి, జెడ్‌పూల్ స్క్రబ్ అని ఒక్క కమాండ్ కొడితే డిస్కులన్నీ చదివి, చెడినదాన్ని మంచి కాపీతో దిద్దుకుంటుంది. హామింగ్ సోమవారం కోపానికి దొరికిన పూర్తి జవాబు ఇదే అనిపిస్తుంది నాకు. సరుకు వేలిముద్రనే దాని చిరునామాగా వాడే ఆలోచన 2002లో వెంటి అనే నిల్వ వ్యవస్థలో కనిపించింది. తర్వాత గిట్‌లోకి, బోర్గ్, రెస్టిక్ లాంటి నేటి బ్యాకప్ పనిముట్లలోకి పాకింది.

ఇవన్నీ వస్తున్నా ఏం జరుగుతూ వచ్చిందో చూడండి.

1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా ఎవరో ఆర్‌ఎం కమాండ్‌తో సినిమా ఫైళ్లను చెరిపేశారు. బ్యాకప్ తెచ్చి పెట్టారు, ఆర్టిస్టులు పని మొదలుపెట్టారు, రోజులు గడిచాక అందులో ముక్కలు లేవని తేలింది. ప్రసవం తర్వాత ఇంటి నుంచి పనిచేస్తున్న గెలిన్ సస్మన్ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఒక కాపీ దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత వేల ఫైళ్లను మనుషులు కూర్చుని కళ్లతో సరిచూశారు. 2006లో అలాస్కా రెవెన్యూ శాఖలో ఒక టెక్నీషియన్ అసలు డిస్కునూ బ్యాకప్ డిస్కునూ రెండింటినీ ఫార్మాట్ చేశాడు. టేపులు ఉన్నాయి కదా అని తీస్తే చదవడానికి రాలేదు. 38 బిలియన్ డాలర్ల నిధికి సంబంధించిన వివరాలవి. చివరికి 300 అట్టపెట్టెల్లో ఉన్న కాగితం దరఖాస్తులను మళ్లీ స్కాన్ చేశారు. కంప్యూటర్లు వచ్చాక కాగితం దండగన్నవాళ్లు ఆ వారాంతాల్లో ఎక్కడున్నారో!

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో జరిగింది మాత్రం పాఠ్యపుస్తకానికి ఎక్కాల్సిన సంగతి. ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో అనుకుని మొదటి దానిలో డేటా డైరెక్టరీని చెరిపే కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపారు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలాయి. సరే, బ్యాకప్‌లు ఐదు రకాలున్నాయి. పీజీ డంప్ తీసిన ఫైళ్లు ఎస్3లో ఉండాలి, చూస్తే ఖాళీ. సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాం మాత్రం 9.2ది నడుస్తోంది. వెర్షన్ కలవక రోజూ విఫలమవుతోంది. విఫలమైందని రోజూ మెయిల్ కూడా వెళుతోంది. ఆ మెయిల్‌కు సరైన సంతకం లేక, అవతలి మెయిల్ సర్వర్ డీమార్క్ నియమం ప్రకారం దాన్ని తిప్పికొడుతోంది. డిస్కు స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేయనేలేదు. ఆఖరికి టెస్టింగ్ కోసం ఎవరో ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ దిక్కైంది. నిదానమైన డిస్కుల మీదుగా దాన్ని కాపీ చేయడానికే గంటల తరబడి పట్టింది, ఆ తంతు అంతా యూట్యూబ్‌లో లైవ్‌గా పెట్టారు. సుమారు 5000 ప్రాజెక్టుల వివరాలు, అంతే సంఖ్యలో కామెంట్లు, 700 మంది కొత్త ఖాతాలు పోయాయి. దాచకుండా అన్నీ బయటపెట్టినందుకు ఆ కంపెనీని మెచ్చుకోవాలి. అన్ని లోపాలూ విడివిడిగా చిన్నవే. ఒక్కసారి ఎవరైనా రీస్టోర్ చేసి చూసి ఉంటే మొదటి రోజే అన్నీ దొరికేవి.

2021 డిసెంబర్‌లో క్యోటో విశ్వవిద్యాలయంలో బ్యాకప్ స్క్రిప్టే దొంగ అయింది. నడుస్తున్న స్క్రిప్టు మీదే కొత్త వెర్షన్ రాశారు. బ్యాష్ స్క్రిప్టును మొత్తం ముందే చదవదు, నడుస్తూ చదువుతుంది. మధ్యలో నుంచి కొత్తది చదివి, విలువ లేని వేరియబుల్‌తో పాత లాగ్‌లను చెరపాల్సిన ఫైండ్ కమాండ్‌ను నడిపింది. 77 టెరాబైట్లు, 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధక బృందాలవి. వాటిలో నాలుగింటికి తిరిగొచ్చే దారి లేకపోయింది.

కమాండ్ లైన్ మన చేతిలోనే ఉంటుందన్న భరోసా కూడా 2017 మేలో పోయింది. ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలోనూ దూరింది. అది ఫైళ్లకు తాళం వేయడంతో ఆగలేదు. వీఎస్ఎస్‌అడ్మిన్‌తో షాడో కాపీలను, డబ్ల్యూబీఅడ్మిన్‌తో బ్యాకప్ జాబితాను చెరిపించింది. రీస్టోర్ చేసుకోవడానికి విండోస్ ఇచ్చిన కమాండ్లను దొంగ ముందు వాడుకున్నాడన్నమాట. అంతకు ఆరేళ్ల ముందు, 2011 ఫిబ్రవరిలో, ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల 0.02 శాతం జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయితే గూగుల్ ఆ ఉత్తరాలను టేపుల్లోంచి తెచ్చిపెట్టింది. ఆన్‌లైన్ కాపీలన్నింటికీ అదే లోపం సోకింది, అల్మారాలో ఉన్న టేపుకు సోకలేదు. 1952 నాటి వస్తువుకు ఇంకా ఉద్యోగం ఉందంటే ఇదే కారణం.

ఇప్పటి పనిముట్లు తాము ఏం చూస్తున్నాయో, ఏం చూడటం లేదో నిజాయితీగా చెబుతున్నాయి. రెస్టిక్ చెక్ అని ఊరికే కొడితే నిర్మాణం సరిగ్గా ఉందా అని మాత్రమే చూస్తుంది. లోపలి డేటా అంతా చదవాలంటే రీడ్ డేటా అని జతచేయాలి. అంత సమయం, అంత నెట్ ఖర్చు లేకపోతే ఈరోజు పదోవంతు, రేపు ఇంకో పదోవంతు అని విడతలుగా చదివించొచ్చు. 2020లో పోస్ట్‌గ్రెస్ 13తో వచ్చిన పీజీ వెరిఫై బ్యాకప్ ప్రతి ఫైల్‌నూ జాబితాతో పోల్చుతుంది. ఆ పోలిక ముగిశాక కూడా ఒకసారి రీస్టోర్ చేసి డేటా సరిగ్గా ఉందో చూసుకోమని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. ఎన్‌టీబ్యాకప్ రోజులతో పోలిస్తే ఇది పెద్ద మార్పే.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో అమెరికా కంపెనీల బ్యాకప్‌లు చూసే పిల్లలను అడిగితే ఈ తేడా బాగా తెలుస్తుంది. పొద్దునకల్లా జాబ్‌లన్నీ పచ్చగా కనిపిస్తే షిఫ్టు ప్రశాంతంగా గడిచినట్టు. రీస్టోర్ డ్రిల్ ఉన్న రాత్రి వేరుగా ఉంటుంది. అసలు దాని మీద కాకుండా ఖాళీ డైరెక్టరీలోకి తీస్తారు. ఫైళ్ల లెక్క పోలుస్తారు, డిఫ్ నడుపుతారు. డేటాబేస్‌ను నిజంగా లేపి, ఆఖరి ఇన్‌వాయిస్ తేదీ ఎంతో క్వెరీ కొట్టి చూస్తారు. మొదలుపెట్టిన టైమూ ముగిసిన టైమూ రాస్తారు. నాలుగు గంటల్లో లేస్తుందని ఒప్పంద పత్రంలో ఉన్న సర్వర్‌కు ఎంత పడుతుందో తేలేది ఆ రాత్రే.

ఈ మధ్య ఆ డ్రిల్‌కు ఇంకో అంచె చేరింది. బోర్గ్, రెస్టిక్ బ్యాకప్‌లు మామూలుగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే అని రెస్టిక్ ముందే హెచ్చరిస్తుంది. ఆ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ చాలాచోట్ల బ్యాకప్ అవుతున్న సర్వర్‌లోనే ఉంటుంది. అందుకని తెలిసినవాళ్లు డ్రిల్‌ను ఏమీ లేని కొత్త మిషన్ మీద, పాత సర్వర్ కాలిపోయిందని అనుకుని మొదలుపెడతారు. అలా మొదలుపెట్టినచోట మొదటిసారి సగం సమయం రీస్టోర్‌కు పోదు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే పోతుంది.